కట్టెలోని చక్కెర: మన మూడు జిల్లాల కర్తవ్యము

(జనగామలోని ఒక పఠనమందిరమున జరిగిన సభలో చేసిన ఉపన్యాస పాఠము)



నేటి సభకు కార్యకర్తలు మాకు నిర్ణయించిన విషయము 'కట్టెనుండి చక్కెర'. ఈ మాట విన్నంతనే కొందరు పెద్దలు చిరునవ్వు నవ్విరి. చెరకునుండి చక్కెర వచ్చును. తాటిచెట్టునుండియు, ఈతచెట్టునుండియు కల్లు దిగును. ఇప్పపూవులో తీపి కలదు. ఇవి యెల్లరు నెఱిగినవే. కాని పొయ్యిలో పెట్టు కట్టెలో చక్కెర యేమని వారి సందేహము. ఆ సందేహము సహజమే. అయినను బరువున చూచినచో ఎండుకట్టెలో సగమునకు పైగా నున్నది చక్కెరయే. రూపు మారి, బిగిసి, దాగియున్నది. 1819లో హెన్రీ బ్రకన్నో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రంపపు పొట్టును, పాతబట్టల పీలికలను గంధకికామ్లముతో కరగించి, వానినుండి చక్కెర తీసి చూపెను. 1838లో ఆన్సెల్మ్ పాయెన్ అను మఱియొక ఫ్రెంచివాడు చెట్లన్నింటిలోను సమానముగా నున్న ఆ పదార్థమును గుర్తించెను. దానికే సెల్యులోజు అని పేరు వచ్చినది. పత్తి యనగా దాదాపు శుద్ధమైన సెల్యులోజే. మనము కట్టుకొను బట్టయు, మనము పొయ్యిలో పెట్టు కట్టెయు ఒకే వస్తువు చేత నైనవని యెఱిగినచో నవ్వవలసిన పని యుండదు.

మేము న్యాయస్థానములలో వాదించువారము గాని ప్రయోగశాలలలో పనిచేయువారము కాము. అయినను ఈ విషయమును మేమేల చేపట్టితిమి? ఏలయనగా ఇది రసాయనశాస్త్రముతో మొదలై భూమితో, నీటితో, రైతు చేతిలోని ధరతో ముగియు విషయము. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరులో ఏర్పడినవి. ఈ మూడింటిలోను పత్తి కలదు, మిరప కలదు, మక్క కలదు. ఏజెన్సీ అడవి కలదు, జామాయిలు తోటలు కలవు. రేపు ఎవరో వచ్చి 'మీ కట్టె మాకిండు' అన్ననాడు మనమేమి యడుగవలెనో నేడే తెలిసికొనుట మంచిది.

మొదట విషయమును కొంచెము విప్పి చెప్పెదము.

బియ్యపుగింజలోని పిండియు, కట్టెలోని సెల్యులోజును ఒకే చక్కెరచేత కూర్చబడిన దండలు. ఆ చక్కెర పేరు గ్లూకోజు. పూస యొక్కటే, కూర్చిన తీరు వేరు. బియ్యపు దండలోని ముడి మన నోటి లాలాజలమునకే వీడును. అందుచేతనే అన్నమును నమలగా నమలగా తీపి తగులును. కట్టెలోని ముడి వేరుజాతిది. ఆ దండలు ఒకదాని కొకటి యానుకొని, కట్టలు కట్టలుగా బిగిసి, నీటిని సైతము లోనికి రానీయక యుండును.

ఇంతటితో ఆగలేదు. కట్టె గోడలో మూడు వస్తువులున్నవి. సెల్యులోజు నూటికి నలువది మొదలు ఏబది పాళ్ల వఱకు ఉండును. దానిని చుట్టుకొని హెమిసెల్యులోజు అను మఱియొక చక్కెరల జిగురు ఇరువది మొదలు ముప్పది పాళ్లు. ఈ రెండింటి సందుల నింపి, గచ్చువలె గట్టిపఱచునది లిగ్నిన్. ఇదియు ఇరువది మొదలు ముప్పది పాళ్లు. చెట్టు గాలికి వంగియు విఱుగక నిలుచుట లిగ్నిన్ చలువ. చక్కెర మనకు దక్కకుండుటయు దాని చలువయే.

ఆవును చూడుడు. అది గడ్డి తినును, నెమరు వేయును. దాని కడుపులోని సూక్ష్మజీవులు సెల్యులోజును కరగించి దానికి బలమిచ్చును. కాని అదే ఆవు ముందు జామాయిలు దుంగ వేసినచో మూతి త్రిప్పుకొనును. గడ్డిలో లిగ్నిన్ తక్కువ, దుంగలో ఎక్కువ. దుంగను తినగలవి చెదలు, కొన్ని జాతుల బూజులు వంటి కొన్ని జీవులే. అందులోను లిగ్నిన్‌ను నిజముగా కరగింపగలది తెల్లకుళ్లు పుట్టించు బూజు. అడవిలో పడిన మ్రాను మెత్తబడి, తెల్లబారి, చేతితో నలిపిన పోగులుగా విడిపోవుట మీలో చాలమంది చూచియుందురు. కాని దాని కేండ్లు పట్టును. పరిశ్రమ కంత ఓపిక లేదు.

కనుక లోనికి పోవుటకు ముందు తలుపు తెఱవవలెను. దీనినే పూర్వసంస్కారము అందుము. ఈ మాట క్రొత్తది కావచ్చును గాని పని క్రొత్తది కాదు. ఉప్పుడు బియ్యమునకు వడ్లను నానబెట్టి, ఆవిరిపట్టి, ఆరబోసి, పిమ్మట దంపుదురు. దూదిని ఏకి, ఏకులు చుట్టి, పిమ్మట వడుకుదురు. చాకలి మురికిబట్టలను చవుడులో ముంచి, ఉబ్బపెట్టి, ఆ పిమ్మటనే బండపై కొట్టును. ఉబ్బపెట్టని బట్టను ఎంత కొట్టినను మురికి వీడదు. బట్ట మాత్రము చినుగును. ఆవిరియు, క్షారమును చేరినచో ఏమగునో మన పల్లెలకు వేఱుగా నేర్పనక్కరలేదు. పాలకుర్తి ఐలమ్మ పుట్టిన కులపు వృత్తిజ్ఞానములో ఈ శాస్త్రపు బీజమున్నది.

నేటి పద్ధతులు కొన్ని చెప్పెదము. మొదటిది ఆవిరి విస్ఫోటము. కట్టెను చిన్నముక్కలుగా కొట్టి, మూసిన పాత్రలో 160 మొదలు 230 డిగ్రీల వేడిగల ఆవిరిలో కొద్ది నిమిషములుంచి, ఒక్కసారిగా మూత తెఱతురు. లోనున్న నీరు ఆవిరియై ప్రేలి, ముక్కలు పోగులు పోగులుగా విచ్చుకొనును. రెండవది పలుచని ఆమ్లము. నూటికి ఒకటి రెండు పాళ్లు గంధకికామ్లము కలిపిన నీటిలో వేడిచేసినచో హెమిసెల్యులోజు కరగి, సెల్యులోజు బయటపడును. మూడవది క్షారము, ఇది లిగ్నిన్‌ను లాగివేయును. నాలుగవది అమ్మోనియా. ఐదవది ఫార్మిక్ ఆమ్లము, సారాయి వంటి కరగించు ద్రవములు. ఇవి లిగ్నిన్‌ను వేఱుగా తీసి యిచ్చును. మఱి బూజుల ద్వారా చేయు మెల్లని పద్ధతియు కలదు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుణము, ఒక్కొక్క దోషము. దేవదారు, సరళ వంటి మెత్తకలప జాతుల కంటె జామాయిలు, సుబాబుల్ వంటి మన గట్టికలప జాతులు ఆవిరికి, పలుచని ఆమ్లమునకు సులభముగా లొంగును. ఇది మనకు అనుకూలమైన సంగతి.

ఇందులో నేర్పు మోతాదులో నున్నది. తక్కువ వండినచో తలుపు తెఱచుకొనదు. ఎక్కువ వండినచో బయటికి వచ్చిన చక్కెరయే మాడి ఫర్‌ఫ్యురాల్ మొదలగు పదార్థములుగా మాఱును. అవి పిమ్మట పులియబెట్టు ఈస్టునకు విషము. పాకము ముదిరినను చెడును, లేతయైనను చెడును. మన యిండ్లలో బెల్లపు పాకము పట్టు స్త్రీలకు ఈ మాట చెప్పనక్కరలేదు.

తలుపు తెఱచిన పిమ్మట ఎంజైములు లోనికి పోయి దండను పూసలుగా విడదీయును. ఈ ఎంజైముల కథ పత్తిరైతులు వినదగినది. రెండవ ప్రపంచయుద్ధమున సాలమన్ దీవులలో అమెరికా సైన్యపు నూలు గుడారములు ఉన్నట్లుండి కుళ్లి చినుగసాగెను. కారణమేమని వెదుకగా ఒక బూజు దొరకెను. అది నూలును తిని చక్కెర చేసికొనుచుండెను. ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ మొదలగువారు దానిని ఏండ్ల తరబడి పరిశోధించిరి. నేడా బూజు రీస్ పేరుననే ట్రైకోడెర్మా రీసై అని పిలువబడుచున్నది. నాడు సైన్యమునకు శత్రువైన బూజు నేడు ప్రపంచమంతట ఎంజైముల కర్మాగారములకు పాడియావైనది.

ఇక లెక్క చూతము. లెక్క లేని ఆశ మనకు వలదు. వంద కిలోల సెల్యులోజు పూర్తిగా విడినచో, నీరు చేరుటచేత, 111 కిలోల గ్లూకోజు అగును. గ్లూకోజు పులిసినచో సగమునకు కొంచె మెక్కువ, అనగా నూటికి 51 పాళ్లు, ఇథనాల్ అగును. మిగిలినది బొగ్గుపులుసు వాయువై పోవును. ఒక టన్ను ఎండుకట్టెలో 450 కిలోల సెల్యులోజున్నదనుకొన్నచో 500 కిలోల గ్లూకోజు, దానినుండి 255 కిలోల ఇథనాల్, అనగా సుమారు 320 లీటర్లు రావలెను. ఇది కాగితముపై లెక్క. నిజములో ఎంత వచ్చును? హర్యానాలోని పానిపట్టులో ఇండియన్ ఆయిల్ వారు వరిగడ్డినుండి ఇథనాల్ చేయు కర్మాగారమును 2022 ఆగస్టు 10న జాతి కంకితము చేసిరి. ఏడాదికి రెండు లక్షల టన్నుల గడ్డినుండి మూడు కోట్ల లీటర్లు తీయుట వారి సంకల్పము. అనగా టన్నునకు 150 లీటర్లు. బియ్యపుగింజ యైనచో టన్నునకు 400 లీటర్లకు పైగా వచ్చును. గింజ తానుగా నిచ్చును, కట్టెను బతిమాలవలెను. ఈ బతిమాలు ఖర్చే పూర్వసంస్కారపు ఖర్చు.

అట్లయిన గింజతోనే చేయరాదా యని యడుగవచ్చును. చేయుచునే యున్నారు. మనదేశము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండి వచ్చునది. ఆ భారము తగ్గించుటకై పెట్రోలులో 20 పాళ్లు ఇథనాల్ కలుపవలెనని జాతీయ జీవఇంధన విధానము చెప్పుచున్నది. 2018 నాటి విధానము 2030ని గడువుగా పెట్టగా, 2022లో దానిని 2025-26కు ముందునకు జరిపిరి. ఉద్దేశము స్వదేశీయే, దానిని మేము హృదయపూర్వకముగా నంగీకరింతుము. కాని ఆ ఇథనాల్‌లో పెద్దపాలు చెరకునుండి, మక్కనుండి, బియ్యమునుండి వచ్చుచున్నది. 2023 జూలైలో బియ్యపు ధరలకు జంకి కేంద్రము ఆహారసంస్థ బియ్యమును ఇథనాల్‌కు ఇచ్చుట నిలిపెను. అటుపిమ్మట మరల విడుదల చేసినది. పేదవాని కంచమును, మోటారుబండి పీపాను ఒకే గంపనుండి నింపుట ఎంత చిక్కో ఈ యూగిసలాటయే చెప్పుచున్నది. కంచములోని గింజను ముట్టక, చేనులో కాలిపోవు కట్టెను వాడుకొనుట ఇంతకంటె ధర్మసమ్మతము కాదా? మా వాదమంతయు ఇందులో నున్నది.

మన చేలను చూడుడు. పత్తి ఏరుట ముగిసిన పిమ్మట ఎకరమునకు సుమారొక టన్ను పత్తికట్టె మిగులును. కొంత పొయ్యిలోనికి పోవును. చాలవఱకు చేనిగట్టునే కాలును. దానిని తొలగింపకున్న గులాబిరంగు పురుగు మరుపంటకు నిలుచును. కనుక రైతు త్వరపడి నిప్పు పెట్టును. నేరము రైతుది కాదు. కొనువాడు లేకపోవుట నేరము. మిరపకట్టె గతియు ఇంతే. పత్తికట్టె పేరునకు చేనిపంట మిగులు గాని గుణమున కలపవంటిదే. నాడు మన ముడిపత్తి మాంచెస్టరునకు పోయి, బట్టయై తిరిగివచ్చి, మన డబ్బును తీసికొనిపోయెను. నేడు మన పత్తికట్టె పొగయై పోవుచుండగా పరదేశపు చమురు మన డబ్బును తీసికొనిపోవుచున్నది.

మనకు కలపపరిశ్రమ క్రొత్తది కాదు. గోదావరి యొడ్డున మంగపేట మండలములోని కమలాపురము ఒకప్పుడు భూపాలపల్లి జిల్లాలో నుండి, 2019నుండి ములుగు జిల్లాలో చేరినది. అక్కడ రేయాను గుజ్జు చేయు కర్మాగారముండెను. రేయాను గుజ్జనగా శుద్ధి చేసిన సెల్యులోజు. దానిని చేయునప్పుడు సాధారణముగా కట్టెముక్కలను మొదట ఆవిరిలో ఉడికించి హెమిసెల్యులోజును కరగింతురు. పిమ్మట క్షారముతో లిగ్నిన్‌ను తీయుదురు. అనగా నేడు మనము చెప్పుకొను పూర్వసంస్కారమునకు అది అక్కయే. ఆ కర్మాగారము 2014లో ఆగినది. మరల తెఱపించుటకై జరిగిన ప్రయత్నములు పదేండ్లు గడచినను ఫలింపలేదు. దానిని నమ్మి బ్రతికిన కార్మికులు చెదరిరి. దానిచుట్టు వెలసిన అంగడివీధి వెలవెలబోయెను. అదే 2014లో కాగజ్‌నగర్ సిర్పూరు కాగితపు మిల్లును మూతపడెను. అది 2018లో క్రొత్త యాజమాన్యము క్రింద తిరిగి తెఱచుకొనెను. ఒకటి లేచినది, ఒకటి లేవలేదు. భద్రాచలము చెంత సారపాకలోని ఐ.టి.సి. వారి మిల్లు 1979నుండి నడచుచున్నది. అక్కడ 1989లో మేలైన జామాయిలు మొక్కల పరిశోధన మొదలుపెట్టిరి. ఆ మొక్కలే నేడు మన పల్లెల చేలగట్లపై కనబడుచున్నవి. ఈ మిల్లులలో లిగ్నిన్ కరగిన నల్లద్రవమును కాల్చి ఆవిరియు, విద్యుత్తును చేసికొందురు. పారవేయు వస్తువే పొయ్యికి కట్టె యగుచున్నది. చక్కెర తీయు కర్మాగారమునకును ఇదే బలము.

పరదేశముల అనుభవమును దాచక చెప్పెదము. మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో రంపపు పొట్టునుండి సారాయి తీసిరి; యుద్ధము ముగిసి, మొలాసిస్ చవుకయై, అవి మూతపడినవి. జర్మనీలో షోలర్ పద్ధతి వచ్చినది. సోవియట్ దేశమున కట్టెచక్కెర పరిశ్రమయే యొకటి పెద్దదిగా నడచినది. 1991 పిమ్మట అందులో చాలభాగము కూలినది. మన కాలమునకు వచ్చినచో, అమెరికాలోని హ్యూగటన్ పట్టణమున 2014లో ఒక పెద్ద కర్మాగారము తెఱచిరి. రెండేండ్లు తిరుగకముందే దాని యజమాని సంస్థ దివాలా తీసెను. అయోవా రాష్ట్రమున డ్యూపాంట్ వారు 2015లో తెఱచిన దానిని 2017లో వదలుకొనిరి. రుమేనియాలో క్లారియంట్ వారు గడ్డితో నడుపు కర్మాగారమును మూయుదుమని 2023 డిసెంబరులో ప్రకటించిరి. ఇవి ధనములేని సంస్థలు కావు, శాస్త్రజ్ఞులు లేని దేశములు కావు. గడ్డికట్టలలో వచ్చు మట్టి, ఇసుక యంత్రములను అరగదీసినవి; తేలికయైన సరకును దూరమునుండి మోయు కిరాయి లాభమును తినివేసినది; తయారైన ఇథనాల్ చమురు ధరతో పోటీపడలేకపోయినది.

మఱి నిలిచినవారెవరు? నార్వేదేశపు సార్ప్స్‌బోర్గ్ పట్టణమున బొరెగార్డ్ వారు 1938నుండి కలపగుజ్జు ద్రవమునందలి చక్కెరలతో సారాయి తీయుచున్నారు. వారు సారాయి నొక్కదానినే నమ్ముకొనలేదు. సెల్యులోజును వేఱుగా అమ్మిరి. లిగ్నిన్‌నుండి కాంక్రీటులో కలుపు పదార్థములు చేసిరి. తుదకు ఐసుక్రీములలో వేయు వనిల్లా సువాసనను సైతము లిగ్నిన్‌నుండి తీసిరి. కొబ్బరిచెట్టున ఆకు, కాయ, పీచు, చిప్ప అన్నియు అమ్ముడుపోయినట్లు కట్టెలోని ప్రతిపాలును అమ్మిననే ఈ వ్యాపారము నిలుచునని దీని సారాంశము.

ఇటీవల మనదేశముననే ఇట్టి ప్రయత్నమొకటి జరిగినది. అస్సాములోని నుమాలీగఢ్‌లో వెదురునుండి ఇథనాల్ తీయు కర్మాగారమును ప్రధానమంత్రి 2025 సెప్టెంబరు 14న ప్రారంభించిరి. ఫిన్లండు వారి పద్ధతిలో ఫార్మిక్ ఆమ్లముతో పూర్వసంస్కారము చేయుదురు. చీమ కుట్టినప్పుడు మనకు మంట పుట్టించునది ఆ యామ్లమే. ఏడాదికి ఐదు లక్షల టన్నుల పచ్చివెదురు, సుమారు 49 వేల టన్నుల ఇథనాల్ వారి లెక్క. దానితోపాటు ఫర్‌ఫ్యురాల్, ఎసెటిక్ ఆమ్లము వచ్చును. ఒక పద్ధతిలో ఈస్టునకు విషమైన ఫర్‌ఫ్యురాల్ మఱియొక పద్ధతిలో అమ్ముడుపోవు సరకగుట గమనింపుడు. అది ఎట్లు నడచునో కొన్నేండ్లు చూడవలెను. చూచుట మన పని. తొందరపడుట మన పని కాదు.

ఇప్పుడు మన కర్తవ్యమునకు వత్తము. మా యభిప్రాయమున నాలుగు సంగతులున్నవి.

మొదటిది నీరు, గాలి. 2024 నవంబరులో నిర్మల జిల్లా దిలావర్‌పూరు, గుండంపల్లి ప్రాంతపు రైతులు ఇథనాల్ కర్మాగారము మాకు వలదని రహదారిపై బైఠాయించిరి. ప్రభుత్వము పనులు నిలుపవలసి వచ్చెను. వారు అభివృద్ధి విరోధులని కొందరనిరి. మేమట్లు అనము. తన బావినీరు ఏమగునని యడుగు హక్కు రైతునకు కలదు. ఆ ప్రశ్నకు కర్మాగారము వచ్చిన పిమ్మట గాక రాకముందే సమాధానము చెప్పవలెను. జనగామ ప్రాంతము వానకు మొగము చూచు మెట్ట నేల. దేవాదుల ఎత్తిపోతలనీరు కొంత యూరట యిచ్చినను, ఇక్కడి ప్రతిబిందెయు లెక్కలోనిదే. ఆమ్లముతో గాని, క్షారముతో గాని కట్టె నుడికించి, ఆ నీటిని వాగులోనికి వదలుటకు ఏ గ్రామమును ఒప్పుకొనరాదు. నీరెంత తీయుదురు, ఎంత తిరిగి శుద్ధిచేయుదురు, లెక్కలు ఎవరు చూతురు అను మూడు ప్రశ్నలకు జవాబు తెలుగులో వ్రాసి గ్రామసభ ముందుంచవలెను.

రెండవది భూమి. భూపాలపల్లి, మహబూబాబాదు జిల్లాలలో షెడ్యూలు ప్రాంతములున్నవి. 1970 నాటి ఒకటవ రెగ్యులేషను ప్రకారము అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోరాదు. 1997లో సమత కేసున సుప్రీంకోర్టు, ప్రభుత్వభూమిని సైతము గిరిజనేతర సంస్థలకు కౌలునకిచ్చుట చెల్లదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు మన తెలుగుగడ్డమీద పుట్టిన వ్యాజ్యమునందే వచ్చినది. 1996 నాటి పెసా చట్టము గ్రామసభకు బలమిచ్చినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీఫలములలో చేర్చి, దానిపై అడవిబిడ్డలకు హక్కునిచ్చినది. కనుక అడవిని నఱికి కట్టె తెత్తుమనువారి మాట చెల్లదు. అడవికట్టె వలదు, చేనికట్టె చాలును. వెదురు కావలెనన్నచో హక్కుదారుల చేతులమీదుగా, వారు చెప్పిన ధరకు రావలెను. ఇప్పపూవు ఏరుకొన్నందుకే ఒకనాడు ఆబ్కారీ వారిచే బెదిరింపబడిన జనము, రేపు తమ అడవిలోని కట్టెకు కూలీలుగా మిగులరాదు.

మూడవది సంఘబలము. పత్తికట్టె తేలిక, దాని స్థలము పెద్దది. ఒక్కొక్క రైతు ఒక్కొక్క బండి కట్టుకొని పోయినచో కిరాయికే చాలదు. మండలమున కొకచోట కట్టెను నఱికి, ఎండబెట్టి, మట్టి దులిపి, తూచి, నిలువచేయు సహకారసంఘము కావలెను. ఇది కలలోని మాట కాదు. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు స్థాపించిన ముల్కనూరు సహకారసంఘము మనకు కూతవేటు దూరముననే యున్నది. దేశము నలుమూలలనుండి వచ్చి దానిని చూచి పోవుచున్నారు. 1995 నాటి పరస్పర సహాయక సహకారసంఘముల చట్టము సర్కారు అధికారుల చేయి తక్కువగా నుండు సంఘములకు దారి తీసినది. ఎండి తఱిగిన కట్టె ఎవరికైనను సరకే. చక్కెర కర్మాగారము రానిచో చెల్పూరులోని కాకతీయ విద్యుత్కేంద్రము కలదు. బొగ్గుతోపాటు కొంతపాలు పంటమిగులు గుళికలు కాల్చవలెనని విద్యుత్కేంద్రములకు కేంద్రము 2021లో నియమము పెట్టినది. కనుక సంఘము మొదటినుండియు ఒకే కొనుగోలుదారుని గుప్పిట నుండనక్కరలేదు. కమలాపురము నేర్పిన పాఠమిదియే. ఒకే మిల్లును నమ్మి వేసిన తోట, ఆ మిల్లు ఆగిననాడు వంటచెఱకగును.

నాలుగవది వాగ్దానములను తూచుట. 2014 నాటి పునర్విభజన చట్టపు పదమూడవ షెడ్యూలులో ఖమ్మము జిల్లాలో ఉక్కు కర్మాగారపు సాధ్యాసాధ్యములను పరిశీలింపవలెనని వ్రాసిరి. బయ్యారపు ఇనుపఖనిజమే దానికి మూలము. బయ్యారము నేడు మహబూబాబాదు జిల్లాలోనిది. చట్టములో అక్షరమైనను పడినది, కొలిమి మాత్రము వెలుగలేదు. కట్టెచక్కెర విషయమునను ఇట్లే శంకుస్థాపన రాళ్లు లేవవచ్చును. మేము కోరునది శంకుస్థాపన కాదు. మొదట ఒక చిన్న పరీక్షాకేంద్రము కావలెను. హైదరాబాదులో 1944లో నాటి సంస్థానప్రభుత్వము మొదలిడిన పరిశోధనశాల నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా నున్నది. వరంగల్లులో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కలదు. మన పత్తికట్టె, మన మిరపకట్టె, మన జామాయిలు ఎంత ఆవిరికి, ఎన్ని నిమిషములకు లొంగునో, ఎంత చక్కెర యిచ్చునో, ఎంత నీరు త్రాగునో వారు చేసి చూపవలెను. ఆ ఫలితములు తెలుగులో అచ్చై ఈ పఠనమందిరపు బల్లమీదికి రావలెను. ఆ పిమ్మట కోట్ల మాట.

ఇందులో ఇంటి పెత్తనమునకు ముడిపడిన చిన్న సంగతి యొకటి కలదు. చేనిమిగులునంతయు అమ్మివేసినచో నేలకు మిగులునదేమి? కట్టెలో కొంతపాలు నేలకు తిరిగి పోవలెను. వంటపొయ్యికి కట్టె యెట్లను ఇల్లాలి ప్రశ్నకును జవాబుండవలెను. కొనువాడు వచ్చినాడని పొలమును ఊడ్చి యిచ్చుట అప్పు తీర్చుటకు తాళిబొట్టమ్మినట్లగును.

సభాసదులారా! 1946 జూలై 4న ఈ జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఆనాటి పోరు దున్నువాని చేతిలో భూమి యుండవలెనని. 2014 వఱకు జరిగిన మన ఉద్యమమున నీళ్లు, నిధులు, నియామకములు అని నినదించితిమి. మాతోపాటు వీధులలో నడచినవారు ఈ సభలోను ఉన్నారు. భూమి కొంతకు కొంత వచ్చినది, రాష్ట్రము వచ్చినది. కాని భూమిపై పండినదానికి విలువ ఎక్కడ చేరుచున్నదను ప్రశ్న మిగిలియే యున్నది. పత్తి మనది, జిన్నింగు వఱకు మనది. నూలు మొదలు బట్ట వఱకు చాలవఱకు పరులది. కట్టెవిషయమునను తఱిగి తూచుట వఱకే మనదై, చక్కెర, సారాయి, లిగ్నిన్ సరకులు పరులవైనచో మనము మరల ముడిసరకు జిల్లాలుగానే నిలుతుము.

కట్టెలో చక్కెర యున్నది. దానికి తాళము వేసినది ప్రకృతి. తాళపుచెవి నేటి శాస్త్రము చేత నున్నది. ఆ చెవి ఎవరి మొలకు వ్రేలాడవలెనన్నది మాత్రము శాస్త్రము తేల్చదు. దానిని గ్రామసభలు తేల్చవలెను, సహకారసంఘములు తేల్చవలెను, ఇట్టి పఠనమందిరములలో కూర్చుండి చదువు మీరు తేల్చవలెను. వచ్చు పత్తి ఏరుడు ముగియులోపల, మండలమునకు పదిమంది చొప్పున కూడి, తమ యూళ్లలో ఎంత కట్టె మిగులుచున్నదో, ఎంత కాలుచున్నదో, ఎంత పొయ్యికి పోవుచున్నదో లెక్కవ్రాసి తెచ్చినచో, ఆ లెక్కను ప్రభుత్వము ముందును, పరిశోధనశాలల ముందును పెట్టు పని మేము నెత్తిన వేసికొందుము. అడుగువాని చేతిలో లెక్కయున్ననాడే జవాబు చెప్పువాడు కూర్చుండి మాటలాడును.